నాలుగవ మాట

గుడ్ ఫ్రైడే నాడు మా గుడిలో మధ్యాహ్నం పన్నెండు గంటల నుండి మూడు గంటల వరకు ఆరాధన జరుగుతుంది. యేసు సిలువపై పలికిన ఏడు మాటలను ఏడుగురికి పంచుతారు. నాకు రెండు సంవత్సరాలు నాలుగవ మాట వచ్చింది. 'నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి' అన్న ఆ మాట మీద రెండుసార్లూ బాగానే సిద్ధపడి వెళ్లాను, పదిహేనేసి నిమిషాలు మాట్లాడి వచ్చి కూర్చున్నాను. ఆ మాట ఎవరికి అవసరమో మాత్రం 2022లో మా పెదనాన్న మంచం పక్కన కూర్చునేదాకా నాకు తెలియలేదు.

ఆయనకు ఊపిరితిత్తుల కేన్సరు. ఇక ఇంటికి తీసుకెళ్లమని డాక్టర్లు చెప్పేశాక తెనాలి దగ్గరి మా ఊరికి తెచ్చాము. ముందుగదిలో మంచం, పక్కన ఆక్సిజన్ యంత్రం, నాలుగు గంటలకొకసారి మార్ఫిన్ మాత్ర. నేను హైదరాబాదులో సెలవు పెట్టి వచ్చి పదకొండు రాత్రులు ఆయన దగ్గర ఉన్నాను. పగలంతా చుట్టాలు వచ్చేవారు, వచ్చిన ప్రతివారూ రెండవ మాటనే తెచ్చేవారు. పక్క సిలువ మీది దొంగ చివరి గడియలో ఒక్క మాట అడిగి, యేసు మాట ఇవ్వగా పరదైసుకు, అంటే స్వర్గానికి, వెళ్లాడు గనుక నువ్వు కూడా ఆ ఒక్క మాట అనమని ఆయనను బతిమాలేవారు. పెంతెకొస్తు సంఘానికి వెళ్లే మా పెద్దమ్మ తమ్ముడైతే నూనె సీసాతో వచ్చి, చంటిపిల్లవాడిగా పొందిన బాప్తిస్మం చెల్లదని, పంపు దగ్గర తొట్టిలోనైనా సరే ముంచి తీయాలని పట్టుబట్టాడు. ముక్కుకు గొట్టం ఉన్న మనిషిని తొట్టిలో ముంచడం ఎలాగో ఆయన ఆలోచించినట్టు లేదు. పెదనాన్న కళ్లు మూసుకుని నిద్ర నటించేవారు.

ఆయన గుడి మానేసి అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో వాక్యాలు ఒప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న మనిషే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపి, శవాలను కాలువలో పడవేసినప్పుడు, తెనాలిలో తలదాచుకున్న బాధితుల శిబిరంలో వారం రోజులు అన్నం వండి వడ్డించి వచ్చారు. ఆ ఆదివారం గుడికి వెళ్లారు. తరువాత మరి వెళ్లలేదు. పార్టీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టారు. ఎందుకని మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. కమ్యూనిస్టు అయ్యాడు, దేవుడిని వదిలేశాడు అనే రెండు ముక్కలతో సరిపెట్టుకున్నాము.

నేనూ ఒక ప్రసంగం సిద్ధం చేసుకునే వచ్చానని ఒప్పుకోవాలి. నాలుగవ రాత్రి, రెండు గంటలప్పుడు మాత్ర వేసి, చెంచాతో గొంతు తడిపి, ఎండిపోయిన పెదవుల మీద తడిదూది అద్దుతుంటే ఆయనే అన్నారు.

"ఏరా, నీ వంతు ఎప్పుడొస్తదా అని చూస్తన్నా."

నేను దొరికిపోయినట్టు నవ్వాను. ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకుని, "చుండూరు జరిగాక వచ్చిన ఆదివారం మన గుళ్లో ఏం ప్రసంగం చెప్పారో తెలుసా?" అని అడిగారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, తెలియదన్నాను.

"దశమభాగం. సంపాదనలో పదోవంతు గుడికియ్యమని. చచ్చిపోయినవాళ్ల పేరన్నా ఎత్తలేదు. ప్రార్థనలో కూడా."

నేను తెచ్చుకున్న ప్రసంగంలో దీనికి జవాబు లేదు. ఆ దొంగ కూడా 'మనకైతే యిది న్యాయమే' అన్న తరువాతే తనను జ్ఞాపకం చేసుకోమని అడిగాడని నాకు అప్పుడు స్ఫురించింది. జరిగింది న్యాయం కాదని బతుకంతా అరిచిన మనిషి చేత మేము ఆ దొంగ మాటలు పలికించాలని చూస్తున్నాము. "అది తప్పు పెదనాన్నా, గుడి చేసిన తప్పు," అన్నాను. సమర్థించలేదు, ఆనాటి పాస్టరు గారికి ఏ భయాలు ఉండి ఉంటాయో వివరించలేదు. ఆయన ఏమీ అనలేదు గాని, ఆ రాత్రి మొదటిసారి నిజంగానే నిద్రపోయారు.

మరునాటి రాత్రి, చదవనా అని అడిగాను. "ఏదిరా?" అన్నారు. రాత్రివేళ పట్టుకుపోయిన సంగతి, అబద్ధ సాక్షుల సంగతి అన్నాను. చదవమన్నట్టు చెయ్యి కదిపారు. మత్తయి సువార్త ఇరవై ఆరవ అధ్యాయంలో ఆ చోటు నుండి మొదలుపెట్టి ఇరవై ఏడవ అధ్యాయంలోకి నెమ్మదిగా, వ్యాఖ్యానం లేకుండా చదివాను. యేసును సిలువకు అప్పగించిన రోమా అధిపతి పిలాతు, ఈ పాపం నాది కాదంటూ నీళ్లు తెప్పించుకున్న చోట ఆయన కళ్లు తెరిచి, "చేతులు కడుక్కున్నాడు," అన్నారు. కొంచెం ఆగి మళ్లీ అదే మాట అన్నారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసిన రోజున ఆయన అన్నం తినలేదని పెద్దమ్మ చెప్పిన సంగతి నాకు గుర్తుకు వచ్చింది. నాలుగవ మాట దగ్గరకు వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది. "అంత మాట ఆయనే అన్నాడంటే..." అని పెదనాన్న వాక్యం పూర్తి చేయలేదు. నేనూ పూర్తి చేయలేదు. పూర్తి చేయాలని నాలుక దురద పెట్టిన మాట నిజమే.

అవసానంలో ఉన్నవారికి సువార్త చెప్పవద్దని నేను అనను. అది సువార్త అని నమ్మినవాడు దాచుకుని కూర్చోలేడు. కాని మేము ఆయన చేత అనిపించాలనుకున్న ఆ ఒక్క మాట ఎక్కువగా మా నిబ్బరం కోసమేనని, రేపు సమాధి దగ్గర మేము ధైర్యంగా పాడుకోవడానికేనని ఆ రాత్రుల్లో తెలిసింది. మాత్ర పనిచేస్తున్న గంటలో, ఆయన అడిగినంత, పది వచనాలకు మించకుండా చదవడమే తరువాత నా పని అయింది. ఆయన చెయ్యి ఎత్తితే ఆపేవాడిని. పగటి చుట్టాలను కూడా వసారాలోనే కూర్చోబెట్టి, ప్రార్థన అక్కడే చేయమన్నాను. పెద్దమ్మ తమ్ముడికి నా మీద ఇప్పటికీ కోపమే.

పదకొండవ తెల్లవారుజామున ఊపిరి ఆగి ఆగి వచ్చి, ఒకసారి ఆగి మరి రాలేదు. పెద్దమ్మ యంత్రం స్విచ్చి తానే కట్టేసింది.

గుడి సమాధుల తోటలో స్థలం అడగడానికి వెళితే సంఘపెద్ద పాత రిజిస్టరు తీశాడు. 1951లో బాప్తిస్మం పొందిన పిల్లల వరుసలో పెదనాన్న పేరు, తాత పేరు సిరా వెలిసిపోయి కనబడ్డాయి. బకాయి ఎంతో చెప్పమన్నాను. ఆయన చందా పుస్తకం తిరగేసి, బకాయి ఏమీ లేదన్నాడు. పెదనాన్న పేరున ముప్పై ఒక్క ఏళ్లుగా నెలనెలా చందా కట్టింది పెద్దమ్మ. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో ఆమె చెప్పలేదు.

సమాధి దగ్గర ఒకవైపు ఎర్రజెండాలతో పార్టీవాళ్లు, మరోవైపు కీర్తనల పుస్తకాలతో సంఘస్థులు నిలబడ్డారు. పాస్టరు గారు ప్రార్థనకు ముందు నన్ను పక్కకు పిలిచి, చివరికి ప్రభువును ఒప్పుకున్నారా అని మెల్లగా అడిగారు.

"చదవమన్నారండి, చదివాను," అన్నాను.