జీవాల తాత చూపించిన రాయి

కనిగిరి అవతల బంధువుల పెళ్లికి వెళ్లాను. పెళ్లి బాగా జరిగింది, దాని గురించి రాయడానికేమీ లేదు. చీమకుర్తి దాకా గ్రానైట్ లారీల దుమ్ము, పొదిలిలో అరగంట ఆగిపోయిన బస్సు. కనిగిరిలో దిగాక 12 కిలోమీటర్లకు ఆటోవాడు 300 అడిగాడు, ఎంత బతిమాలినా పది రూపాయలు తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే వాగు వైపు నడిచాను. గ్రావెల్ కోసం గట్టును జేసీబీతో నిలువునా కోసేశారు. పైన నల్లమన్ను, కింద ఎర్రమన్ను, అడుగున గులకరాళ్లు. నేను వంగి చూస్తుంటే, జీవాలు మేపుకుంటున్న తాత దగ్గరికొచ్చాడు.

"ఏంది అబ్బాయా ఎతుకుతున్నావు? ఇట్టాంటి రాళ్లా?" అని కర్రతో చూపించాడు.

ఎర్రమన్నులో ఒక రాయి సగం దిగబడి ఉంది. బయటికి కనిపించే సగానికి రెండు వైపులా పెచ్చులు లేపి మొన తేల్చినట్టుంది. పెచ్చు లేచిన చోటల్లా చిన్న గుంట, గుంటకీ గుంటకీ మధ్య పదునైన గీటు. వేలు పెట్టి చూశాను, ఇప్పటికీ గీసుకుపోయేలా ఉంది. నీళ్లలో దొర్లిన రాయి అంచులు అరిగి నున్నగా అవుతాయి, ఇలా ఉండవు. ఆదిమానవుడి చేతిగొడ్డలే అయ్యుంటుందని నాకు గట్టిగా అనిపించింది.

"మా నాయన చెకుముకి రాళ్లనేవాడు. శానా ఉండేయి," అన్నాడు తాత.

ఈ ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే రెట్లపల్లె దగ్గర దొరికిన రాతి పనిముట్లు 1,39,000 ఏళ్ల నాటివని తేలింది. 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో వార్తలొచ్చిందీ ఈ జిల్లా నుంచే. ఇలాంటి పనిముట్ల వయసు చాలాసార్లు చుట్టూ ఉన్న మన్నే చెబుతుంది. అందులోని ఇసుక రేణువులకు చివరిసారి ఎండ తగిలి ఎన్నేళ్లయిందో కొలుస్తారు. పెకిలించి తీసుకుపోతే ఆ లెక్క పోయినట్టే. చిన్నప్పుడు కావలి దగ్గర మా చేలో ఇలాంటిదొకటి దొరికితే జేబులో వేసుకుని తిరిగి, ఎక్కడో పారేసుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే దీన్ని కదిలించలేదు. పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఫోటోలు తీశాను, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకున్నాను. పురావస్తు శాఖకు పంపాలి. ఈలోగా జేసీబీ మళ్లీ వస్తుందేమోనని ఒకటే టెన్షన్. ఊళ్లో పెద్దమనిషిని కలిసి ఆ పది అడుగుల గట్టు వదిలేయమని అడిగితే, చూద్దాంలే అన్నాడు.

తాత మాత్రం ఒక తుమ్మకొమ్మ నరికి తెచ్చి రాయికి అడ్డంగా పెట్టాడు. "ఆ ఆఫీసరోళ్లు వస్తే నన్ను పిలవమను. అవతల గట్టున ఇంకా రెండు చోట్ల ఉండాయి," అన్నాడు.