అరకు ఘాట్‌కి ఒంటరిగా సైకిల్: చైను, పుల్లలు, ఊడిన నోటుబుక్కు

వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, ఎస్‌.కోట దాకా రోడ్డు పెద్దగా ఇబ్బంది పెట్టదు. బొడ్డవర దాటి కాశీపట్నం వైపు వెళ్లాక కొండ మొదలవుతుంది. అనంతగిరి మీదుగా గాలికొండ వరకూ ఎక్కుడే ఎక్కువ, ఆ తరవాతే అరకులోకి దిగుడు. జట్టుగా వెళ్తే ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి సంచిలో దొరుకుతుంది. ఒంటరిగా వెళ్తే ఆ వీలు లేదు. ఘాట్‌లో చాలాచోట్ల ఫోన్‌కి సిగ్నల్ కూడా అందదు కాబట్టి కాగితం మీద రాసుకున్న నోటుబుక్కు కూడా పానాల్లాగే ఒక పనిముట్టు. సైకిలుకి సర్వీసింగ్ చేయించి, అట్ట ఊడిన పుస్తకాన్ని అలాగే సంచిలో తోసేస్తే సగం పనే అయినట్టు.

ముందు చైను. మన ఊళ్లో ఉప్పుగాలికి పైన తుప్పు కనబడకపోయినా లోపల పిన్నులు అరుగుతుంటాయి. చైను సాగిందంటే ఇనుము సాగినట్టు కాదు, పిన్నుల దగ్గర అరిగి సందు పెరిగినట్టు. స్టీలు స్కేలుతో ఒక పిన్ను మధ్య నుంచి కొలవండి. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు ఎక్కువుంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు ఎక్కువుంటే వెనక పళ్ల చక్రాలు కూడా పోయినట్టే. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే చదును రోడ్డు మీద బాగానే ఉంటుంది, ఎక్కుడులో బలంగా తొక్కినప్పుడు టక్కున జారుతుంది.

గేరు లెక్క చూసుకోకుండా లగేజీ కట్టొద్దు. ముందు 28 పళ్లు, వెనక 34 ఉంటే నిమిషానికి 60 తొక్కుళ్లకి గంటకి ఆరు కిలోమీటర్ల చిల్లర వేగం వస్తుంది. పదీ పన్నెండు కిలోల సామానుతో ఘాట్ ఎక్కడానికి ఆ వేగం చాలు, సిగ్గుపడక్కర్లేదు. ముందు చిన్న చక్రం 39 పళ్లదైతే మోకాళ్లు నాలుగో మలుపుకే మాట వినవు.

పుల్లలు (స్పోకులు) తెగేది ఎక్కువగా వెనక చక్రానికి, చైను ఉన్న వైపు. ఆ వైపు పుల్లలు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి, పైగా బరువంతా అక్కడే. రెండేసి పుల్లలు కలిపి నొక్కి చూస్తే వదులుది చేతికే తెలుస్తుంది. బెండు ఇంట్లో తీయించుకుని వెళ్లాలి. మీ చక్రానికి సరిపోయే పుల్లలు మూడు ఫ్రేముకి టేపు చుట్టి పెట్టుకోండి. రెండు వైపులకీ పొడవు వేరు కావచ్చు, అందుకే ఆ కొలతలు నోటుబుక్కులో ఉండాలి. ట్యూబులు రెండు, ప్యాచీలు, ఇంకా తెరవని సొల్యూషన్ ట్యూబు ఒకటి. ఒకసారి తెరిచింది నెలల తరవాత ఎండిపోయి ఉంటుంది. సన్న వాల్వు సైకిలైతే పంచరు షాపు కంప్రెసర్‌కి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ కొని వాల్వుకే తగిలించి ఉంచాలి.

ఇక నోటుబుక్కు. ముందు ఏం పాడైందో చూడాలి. కుట్టు గట్టిగా ఉండి అట్ట మాత్రమే ఊగుతుంటే వీపు, అంటే పేజీలన్నీ కలిసే అంచు, అతికితే సరిపోతుంది. ఒక ఫారం, అంటే మడిచి కలిపి కుట్టిన పేజీల కట్ట, బయటికి జారితే కుట్టాలి. పాత రంధ్రాల్లోంచే కుట్టండి, పక్కన కొత్తవి పొడిస్తే కాగితం ఆ గీత వెంట చిరుగుతుంది. మైనం రాసిన నూలుదారం పుస్తకం ఎత్తుకి రెండున్నర రెట్లు, అంటే A5 సైజుకి 55 సెంటీమీటర్లు. నైలాన్ వద్దు, కాగితాన్ని కోస్తుంది. మధ్య రంధ్రంలోంచి సూది బయటికి, పై రంధ్రంలో లోపలికి, లోపలి నుంచే కింది రంధ్రానికి వెళ్లి బయటికి, మళ్లీ మధ్యలో లోపలికి. లోపల పడిన పొడుగు కుట్టుకి రెండు వైపులా రెండు కొసలుంచి ముడి వేయాలి. లాగేటప్పుడు దారాన్ని పుస్తకం పొడవు దిశలోనే లాగాలి, అడ్డంగా లాగితే రంధ్రం చీలుతుంది.

చిరిగిన పేజీకి సెల్లోటేపు అసలు వద్దు. ఎండకి దాని జిగురు కారి పక్క పేజీని పట్టుకుంటుంది. తెల్లటి పల్చని కాగితాన్ని కత్తెరతో కాకుండా చేత్తో చింపి, ఆ పీచు అంచుని మైదా జిగురుతో అతకండి. రెండు చెంచాల మైదాకి పది చెంచాల నీళ్లు, సన్న సెగ మీద తెల్లదనం పోయి మెరుపొచ్చేదాకా తిప్పాలి. పురుగు పట్టకుండా పాత బైండర్లు చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. అది విషం. వారం రోజుల ప్రయాణపు పుస్తకానికి అది లేకపోయినా నష్టం లేదు.

వీపుకి కొంచెం నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి, వీపు వెడల్పుకి అటూఇటూ రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా బ్యాండేజీ గుడ్డ అతకాలి. అట్టకీ వీపుకీ మధ్య ఆరేడు మిల్లీమీటర్ల సందు వదలకపోతే పుస్తకం తెరుచుకోదు, బలవంతం చేస్తే మళ్లీ అక్కడే తెగుతుంది. అట్ట లోపల అతికే కాగితం పీచు వీపుకి సమాంతరంగా ఉండాలి. రెండు దిక్కులా వంచి చూడండి, సులువుగా వంగిన మడత వీపు వెంట రావాలి. అడ్డంగా వేస్తే తడికి అట్ట పెంకులా వంగుతుంది. అట్టకీ పేజీలకీ మధ్యలో ప్లాస్టిక్ కాగితం పెట్టి, బరువు కింద కనీసం ఒక రోజు ఉంచాలి. మన తేమకి వానాకాలంలో రెండు రోజులు. బైండింగ్ గుడ్డ, అట్ట పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల స్టేషనరీ కొట్లలో అడగండి.

మొదటి పేజీలో బ్లడ్ గ్రూపు, ఇంటి నంబర్లు రెండు, 108, 112. రెండో పేజీలో పుల్లల పొడవు, టైరు సైజు, చైను మార్చిన తేదీ. పుస్తకం వెనకనుంచి నీళ్లు దొరికే ఊళ్లు, బొర్రా గుహలు లాంటి రైల్వే స్టేషన్లు వరసగా రాయండి, సైకిలు మొరాయిస్తే దారి అదే. పెన్సిల్‌తో రాస్తే చెమట తగిలినా చెరగదు, జెల్ పెన్ను ఒక్క చినుక్కే పారిపోతుంది.

బయల్దేరే ముందు మొత్తం లగేజీ కట్టి సింహాచలం కొండ లాంటి ఎక్కుడు ఒకటి ఎక్కి దిగండి. దిగాక క్యారియర్ బోల్టులు 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో తిప్పి చూడండి. ఏదైనా ఒకటి తిరిగిందంటే దాన్ని తీసి, మర తుడిచి, బోల్టు వదులవకుండా పట్టే లాక్‌టైట్ జిగురు ఒక చుక్క వేసి బిగించి రాత్రంతా వదిలేయండి.