కుడి చేతి పక్క గోడ

కోదండరామస్వామి గుడిలో ధ్వజస్తంభం దాటగానే మా తొమ్మిదేళ్ళ పాప ఎడమ పక్కకు పోకుండా కుడి పక్కకు తిరిగి పరుగందుకుంది. దాని వెనకాలే తమ్ముడు. ఎదురుగా ప్రదక్షిణం చేస్తూ వస్తున్నవాళ్ళు వీళ్ళిద్దరికీ దారి వదులుతున్నారు. ఒక పెద్దావిడ ఆగి, "అట్ల కాదు నాయనా, ఇట్ల" అని చెయ్యి తిప్పి చూపించింది. మా అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఏంది మే ఇది, అప్రదక్షిణం చేస్తా ఉండారు నీ బిడ్డలు!"

నాకేమో నవ్వాగలేదు. పిల్లలు తిరుపతిలోనే ఉన్నారు గానీ వాళ్ళ కాళ్ళు ఐసు స్కేటింగు చేసే రింకులో తిరుగుతున్నాయి. ఐసు మీద అందరూ అటే తిరుగుతారు, గడియారం ముల్లుకు ఎదురుగా. ఎందుకని అడిగితే అక్కడెవరూ సరైన సమాధానం చెప్పరు, "ఎప్పుడూ అంతే" అంటారు. చిన్నప్పుడు గుడిలో ఇలాగే ఎందుకు తిరగాలని నేనడిగితే మా అమ్మ కూడా మొదట అదే చెప్పింది, తర్వాత "దేవుడు కుడి చేతి పక్కనుండాల" అంది. ఈసారి పాపకూ అదే చెప్పింది. పాప కాసేపు ఆలోచించి, "అక్కడ గోడ కుడి చేతి పక్కన ఉంటుందవ్వా, పడేటప్పుడు పట్టుకోవడానికి" అంది. మా అమ్మ ఇంకేమీ అనలేదు. పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుని మళ్ళీ మొదటినుంచి మూడు చుట్లు తిప్పింది.

మేముండేది కెనడాలో, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో. ఆ దేశంలోకెల్లా చిన్న రాష్ట్రం అదే. మా పాత చిత్తూరు జిల్లాలో సగం కూడా ఉండదు. 2021 జనాభా లెక్కల్లో లక్షా 54 వేల మంది తేలారు. తిరుపతి ఊళ్ళోనే అంతకంటే ఎక్కువ జనం. 1997లో సముద్రం మీద 12.9 కిలోమీటర్ల వంతెన కట్టారు, అంతకుముందు పడవలే గతి. ఆ వంతెన మీద దీవిలోకి వచ్చేటప్పుడు పైసా అడగరు, బయటికి పోయేటప్పుడే టోలు వసూలు చేస్తారు. మా అలిపిరి టోలుగేటుకు సరిగ్గా తలకిందులు. మా ఆయన ఈ మాట కనబడ్డ ప్రతి తెలుగువాడికీ చెబుతాడు, నాకు విని విని విసుగొచ్చింది.

రింకు అంటే పెద్ద ఊళ్ళలో మాల్ మధ్యలో రంగురంగుల లైట్లు పెట్టి ఉండేది కాదు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చూశారుగా, అలాంటి పొడుగాటి రేకుల షెడ్డు. లోపలికి అడుగు పెడితే రబ్బరు చాపల వాసన, తడిసిన ఉన్ని వాసన, వేయించిన ఉర్లగడ్డల మీద వెనిగర్ చల్లిన వాసన. గోడల నిండా పాత హాకీ జట్ల ఫోటోలు. క్యాంటీన్‌లో గరిట పట్టుకున్నావిడా, తలుపు దగ్గర టికెట్టు డబ్బులు తీసుకునే ఆయనా జీతగాళ్ళు కారు, ఊరివాళ్ళే వంతులవారీగా వచ్చి నిలబడతారు. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో, ఎవరు ఇల్లు అమ్ముతున్నారో, ఎవరి ట్రాక్టరు మంచులో దిగబడిందో అక్కడి బెంచీల మీదే తెలుస్తుంది. రచ్చబండకు రేకుల కప్పు వేసి, మధ్యలో గడ్డకట్టిన చెరువు పెట్టినట్టుంటుంది.

ఇవన్నీ నాకు ఆలస్యంగా తెలిశాయి. మొదటి రెండు చలికాలాలు పిల్లల్ని ఆ షెడ్డు గడప తొక్కనివ్వలేదు నేను. పళ్ళూడతాయని భయం, మణికట్టు విరుగుతుందని భయం. భయం సంగతి అలా ఉంచండి, నా దగ్గర అంతకంటే గొప్ప సాకు ఇంకొకటి ఉండేది. ఆదివారం పొద్దున ఊరంతా రింకుకు పోయే వేళకే మా పాపకు ఆన్‌లైన్‌లో తెలుగు క్లాసు, ఆ వెంటనే అన్నమయ్య కీర్తనలు. "మనకు క్లాసుంది" అంటే ఎవరికీ ఎదురు చెప్పడానికి ఉండదు. మన భాష, మన పాట అన్నాక మా ఆయనైనా ఏమంటాడు?

ఆ తర్వాతి ఏడు జనవరిలో బడి పిల్లల్ని రింకుకు తీసుకెళ్ళారు. లేసులు కట్టడానికి తల్లిదండ్రులు రావాలంటే నేనూ పోయాను. మా పాప క్లాసులో పిల్లలంతా అప్పటికే చేపల్లా జారుకుంటూ పోతున్నారు. ఇది ఒక్కటే, నాలుగేళ్ళ పసివాళ్ళు పట్టుకునే ప్లాస్టిక్ చట్రం ఒకటి ముందు పెట్టుకుని, నడుం వంచి, గోడ వారగా తోసుకుంటూ వస్తోంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నా ముందు నుంచి పోతూ తల ఎత్తి నా వైపు చూడలేదు కూడా.

నాకు మా నాన్న వాళ్ళ ఊరి బావి గుర్తొచ్చింది. ఎండాకాలం సెలవుల్లో మా చిన్నాన్న పిల్లలందరూ నడుముకు బెండ్లు కట్టుకుని ఆ బావిలో ఈత నేర్చుకున్నారు. నేను మాత్రం గట్టు మీదే. ఆడపిల్ల, మునిగిపోతే ఎట్లా అని మా నాన్న దిగనివ్వలేదు. వాళ్ళ తువ్వాళ్ళూ చెప్పులూ కాపలా కాసేదాన్ని. నలభై దగ్గర పడుతున్నాయి, నాకిప్పటికీ ఈత రాదు.

ఆ వారమే టీచరుతో మాట్లాడి క్లాసు శనివారానికి మార్పించాను.

స్కేట్లు సెకండ్‌హ్యాండ్‌వి కొన్నాం. కొత్తవి కొనడం దండగ, పిల్లల పాదాలు ఏడాదిలో పెరిగిపోతాయి. అక్కడివాళ్ళంతా మార్చుకుంటూ వాడేవే. బ్లేడు చూడటానికి కత్తిలా ఉంటుంది గానీ దానికి అంచులు రెండు, మధ్యలో సన్నటి గాడి. ఆ గాడి అరిగితే మనిషి పక్కకు జారిపోతాడు. రింకు మూలన ఒకతను మిషను మీద వాటికి సాన పడతాడు. మా చిన్నప్పుడు సైకిలు మీద వచ్చి కత్తులూ కత్తెర్లూ సాన పట్టేవాడి దగ్గర రేగే నిప్పురవ్వలే, ఆ చప్పుడే. లేసులు కట్టడం మాత్రం వేరే విద్య. ముందు మొత్తం వదులు చేయాలి. పాదం దూర్చి మడమను రెండుసార్లు నేలకు కొట్టించాలి. తర్వాత కాలివేళ్ళ దగ్గర్నుంచి ఒక్కో వరసా లాగుతూ పైకి రావాలి. చీలమండ దగ్గర ఊపిరి బిగబట్టి లాగాలి, అక్కడ వదులైతే కాలు మడతపడుతుంది. ఇద్దరికీ నాలుగు కట్టేసరికి నా వేళ్ళు కందిపోయాయి. అంతా అయ్యాక చిన్నోడు బాత్రూం అన్నాడు.

ఐసు మీద డెబ్బై దాటిన ఒక ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని, సాయంత్రం టిఫినయ్యాక వీధిలో నడిచినంత తీరిగ్గా తిరుగుతున్నాడు. మా పాప పడ్డం చూసి వచ్చాడు. చెయ్యిచ్చి లేపుతాడేమో అనుకున్నాను. లేపలేదు. తనూ దాని పక్కన చతికిలబడి, "ముందు పడటం నేర్చుకో" అన్నాడు. మోకాళ్ళు వంచి పక్కకు పడాలట. పిడికిలి మూయాలట, లేకపోతే వెనకొచ్చేవాళ్ళ బ్లేడు వేళ్ళ మీదెక్కుతుంది. ఆ తర్వాత లేవడం: గోడ కోసం పాకకూడదు. ముందు బోర్లా తిరిగి చేతుల మీద, మోకాళ్ళ మీద ఉండాలి. ఒక పాదం ముందుకు తెచ్చి రెండు చేతుల మధ్య పెట్టాలి. రెండు చేతులూ ఆ మోకాలి మీద వేసి నెట్టాలి. పది సార్లు పడేశాడు దాన్ని, పది సార్లు లేవనిచ్చాడు. బెంచీ మీద నేను, డబ్బులిచ్చి వచ్చింది పడటానికా అని లోపల్లోపల సణుక్కుంటున్నాను. ఆయన పేరు ఈ రోజుకీ పాపకు తెలీదు, "రింకు తాత" అంతే.

గంటకోసారి అందరినీ బయటికి పంపి పెద్ద మిషను ఒకటి దింపుతారు. జాంబోనీ అంటారు. 1949లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ అనే ఆయన తయారుచేశాడు, ఇంటి పేరే మిషను పేరైపోయింది. మొదట వాళ్ళది ఐసు దిమ్మల వ్యాపారం. ఇళ్ళలో ఫ్రిజ్‌లు వచ్చి ఐసు కొనేవాళ్ళు తగ్గితే స్కేటింగ్ రింకు పెట్టుకున్నాడు. ఆ మిషను పై పొరను సన్నగా గీకి, వెనక నుంచి వేడి నీళ్ళు పరుచుకుంటూ పోతుంది. పిల్లలు అద్దాలకు ముక్కులు నొక్కి పెట్టి చూస్తారు.

సరిగ్గా ఆ సమయానికే అమ్మ వీడియో కాల్ చేసేది. మాకు పొద్దున పది అంటే తిరుపతిలో రాత్రి ఏడున్నర. "ఐసు మీద వేడి నీళ్ళు పోస్తా ఉండారా? కరిగి కొట్టుకుపోదా?" అని ఆమె ఆశ్చర్యం. పాప ఓపిగ్గా చెప్పేది: వేడి నీళ్ళైతే గీతల్లోకి దిగి, పాత ఐసును కొంచెం కరిగించి దాంతో కలిసిపోతాయి, నున్నగా గట్టిగా వస్తుంది. ఐసు మందం ఒకటి ఒకటిన్నర అంగుళాలేనని, కింద సిమెంటులో పైపులుంటాయని, వాటిలో గడ్డకట్టని ఉప్పు నీళ్ళు సున్నా కంటే చల్లగా తిరుగుతుంటాయని, అదంతా తెలుగులోనే. "ఉప్పు నీళ్ళు" అని నేను అందించలేదు, అదే వెతుక్కుంది. నేను డబ్బు కట్టిన క్లాసులో ఏ పాఠానికీ అంత తెలుగు మాట్లాడలేదు. నాకు కొంచెం మంటగా కూడా ఉండింది, అబద్ధమెందుకు.

చివరి పది నిమిషాలు ఈల వేసి అందర్నీ ఎదురు దిక్కుకు తిప్పుతారు మా రింకులో. ఒక పక్కే తిరిగితే ఒక కాలికే అలవాటవుతుందని కాబోలు. అప్పుడు బాగా వచ్చినవాళ్ళు కూడా తడబడతారు. ఫోనులో అది చూసి అమ్మ, "ఇప్పుడు సరిగ్గా తిరగతా ఉండారు" అనేది. అది తమాషాకు అందనుకున్నాను అప్పట్లో. గుడిలో ఆమె మొహం చూశాకే అర్థమైంది, నిజంగానే అందని.

నేను ఐసు మీదికి దిగానా అని అడగొద్దు. దిగలేదు. లేసుల మనిషిని నేను.

ఈసారి సెలవుల్లో చిత్తూరు దగ్గర నాన్న వాళ్ళ ఊరికి పోయాం. వానలు పడి చెనిక్కాయ మొలిచి ఉంది. పాప చేలో కూర్చుని గుప్పెడు మన్ను తీసి, "అమ్మా, ఇది మన మట్టి!" అని అరిచింది. మా చిన్నాన్న మొహం వెలిగిపోయింది. "చూడు, రక్తం ఎక్కడికి పోతుంది" అన్నాడు. నాకు తెలుసు, అది అంటున్నది ఇక్కడి సంగతి కాదని. మా దీవిలో మన్ను కూడా ఎర్రనే, ఇనుము తుప్పు ఎరుపు. సముద్రపొడ్డు ఇసుక కూడా చాలా చోట్ల ఎర్రగానే ఉంటుంది. "మన" అంటే దానికి ఆ ఒడ్డు. ఏడాది క్రితమైతే చిన్నాన్న ముందే సరిదిద్ది, "కాదు, మనది ఇదీ" అని పాఠం చెప్పేదాన్ని. ఇప్పుడు నోరు మూసుకున్నాను. చిన్నాన్న మళ్ళీ అడిగాడు, "మీ కాడ ఏం పండిస్తారు పాపా?" అని. "ఉర్లగడ్డలు" అంది. క్లాసులో నేర్పింది బంగాళాదుంప. ఉర్లగడ్డ మా అమ్మ మాట, ఫోనులోంచి దిగిన మాట. చిన్నాన్నకు అందులో వింతేమీ కనబడలేదు. వరసగా ధర అడిగాడు, బస్తా ఎంత పలుకుతుందని. దానికి పాప దగ్గర సమాధానం లేదు.

తిరుపతిలో మా ఇంట్లో నడవా అంతా ఎర్ర గచ్చు, నలభై ఏళ్ళుగా తుడిచి తుడిచి అద్దమైపోయింది. మధ్యాహ్నాలు అందరం కునుకు తీస్తుంటే ఇద్దరూ మేజోళ్ళు వేసుకుని దాని మీద స్కేటింగ్. గోడకు గుద్దుకున్న చప్పుడు వినిపిస్తే నేను లేచి చూసేలోపే పడ్డవాళ్ళు లేచి నిలబడి ఉంటారు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం అమ్మ ఆ గచ్చు మీదే కూర్చుని పాప జడకు కనకాంబరాలు కడుతోంది. మాల పూర్తయ్యింది. లేవబోయి ఆగింది. మోకాళ్ళ నొప్పులు ఆమెకు, గోడేమో అందనంత దూరంలో ఉంది. నేను చెయ్యివ్వడానికి లేచేలోపు పాప వచ్చి పక్కన చతికిలబడింది.

"నేను లేపను అవ్వా, చెప్తా. ముందు బోర్లా తిరుగు."

"ఏందే?"

"తిరుగు. చేతుల మీద, మోకాళ్ళ మీద. ఆ. ఇప్పుడు ఒక కాలు ముందుకు తీసుకో. చేతుల మధ్యలో పెట్టు. ఆ కాలు కాదు, నొప్పి లేని కాలు. ఇప్పుడు రెండు చేతులూ ఆ మోకాలి మీద పెట్టి నెట్టు."

అమ్మ కొంగు సర్దుకుంది, ఒకసారి నా వైపు చూసింది, నెట్టింది. లేచింది. చేతిలో పూలమాల నలగలేదు కూడా.

"ఎవురు మే నీకు ఇది నేర్పించింది?"

"రింకు తాత."

అమ్మ దాన్ని వెనక్కి తిప్పి జడలో పూలు తురుముతూ కాసేపు ఊరుకుంది. తర్వాత అడిగింది:

"ఆయనకు మోకాళ్ళు నొప్పులు లేవంటనా?"