రెండు వూఫర్లు, ఒకే పెట్టె: బేస్‌లో తగ్గే డిస్టార్షన్ ఏది?

ఒక వూఫర్‌కు (బేస్ స్వరాలు పలికే పెద్ద స్పీకర్‌కు) బదులు రెండు బిగిస్తే బేస్ శుభ్రంగా వినిపిస్తుందని, స్పీకర్లు సొంతంగా చేసుకునేవాళ్లు చాలామంది చెబుతారు. అది నిజమే గానీ, ఆ రెంటినీ ఎటు తిప్పి, ఏ గోడకు బిగించామన్నదాన్ని బట్టి తగ్గే దోషం మారిపోతుంది. చెన్నైలోని మా ఫ్లాట్ కోసం ఈమధ్య చేయించుకున్న సబ్‌వూఫర్ (అడుగు బేస్‌కు మాత్రమే వాడే స్పీకర్ పెట్టె) విషయంలో నా ఆలోచనంతా దీని చుట్టూనే తిరిగింది.

ముందుగా కోన్, అంటే ముందుకూ వెనక్కీ కదిలి గాలిని నెట్టే వూఫర్ భాగం, కదలిక సంగతి చూద్దాం. మూసిన పెట్టెలో ధ్వని మట్టం తగ్గకుండా ఫ్రీక్వెన్సీ సగానికి దిగాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. అంటే 80 హెర్ట్జ్ దగ్గర 1 మిల్లీమీటరు కదిలితే సరిపోయేది, 40 హెర్ట్జ్ దగ్గర 4 మిల్లీమీటర్లు కదలవలసి వస్తుంది. వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) మ్యాగ్నెట్ గ్యాప్ నుంచి పక్కకు జరిగేకొద్దీ దాన్ని నెట్టే బలం తగ్గుతుంది, కోన్‌ను పట్టి ఉంచే స్పైడరూ సరౌండూ బిగుసుకుంటాయి, బేస్‌లో డిస్టార్షన్ (ధ్వని అసలు రూపం చెడిపోవడం) ఎక్కువగా పుట్టేది అక్కడే. అదే పనిని రెండు వూఫర్లు పంచుకుంటే ఒక్కొక్కటి సగం దూరం కదిలితే చాలు. వూఫర్ తన హద్దుల్లో ఉన్నంతవరకు, మూలస్వరంతో పోలిస్తే రెండో హార్మోనిక్ (దానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో పుట్టే అదనపు స్వరం) సుమారు సగానికి, మూడోది సుమారు నాలుగో వంతుకు పడిపోతాయి. అయితే పెట్టె ఘనపరిమాణం కూడా రెట్టింపు కావాలి. కోన్ వైశాల్యం లెక్క కూడా ముందే చూసుకోవడం మంచిది: రెండు 8 అంగుళాల వూఫర్లు కలిసినా సాధారణంగా ఒక 12 అంగుళాల వూఫర్ వైశాల్యానికి సరిపోవు, రెండు 10 అంగుళాలవి మాత్రం దాన్ని దాటుతాయి.

అసలు అందం తర్వాతి మెట్టులో ఉంది. ఏ వూఫరూ ముందుకు కదిలినట్టే వెనక్కి కదలదు, ఆ తేడా నుంచే రెండు, నాలుగు వంటి సరి హార్మోనిక్‌లు వస్తాయి. ఒక వూఫర్‌ను మామూలుగానూ, రెండోదాన్ని మ్యాగ్నెట్ బయటికి వచ్చేలా తిరగేసీ బిగించి, తిరగేసినదాని ప్లస్, మైనస్ తీగలను తారుమారు చేస్తే, రెండూ ఒకేసారి గాలిని బయటికి నెడతాయి గానీ ఒకటి తన ముందువైపుకు, మరొకటి తన వెనుకవైపుకు కదులుతూ ఆ పని చేస్తాయి. అప్పుడు మూలస్వరాలు కలుస్తాయి, సరి హార్మోనిక్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బేసి హార్మోనిక్‌లకు ఈ ఉపాయం పనిచేయదు, వాటిని తగ్గించేది కదలిక తగ్గడమే. రెండో హార్మోనిక్ కొంత ఉంటే బేస్ నిండుగా ఉంటుందని ఇష్టపడేవాళ్లున్నారు. మృదంగం తొప్పి (బేస్ పలికే ఎడమ ముఖం) నాదంలో వాద్యం ఇవ్వనిదేదీ స్పీకర్ కలపకూడదన్నది నా పట్టుదల.

మూడోది పెట్టె కంపనం. బరువైన కోన్ ముందుకు దూకినప్పుడల్లా పెట్టె వెనక్కి తన్నుతుంది, ఫ్లాట్లలో ఆ అదురు నేల గుండా కింది ఇంటికి దిగుతుంది. ఎదురెదురు గోడలకు రెండు వూఫర్లు బిగిస్తే ఆ తన్నులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రెండూ బయటికే చూస్తుంటే సరి హార్మోనిక్‌లు రద్దు కావు. ఈ రెండు లాభాలనూ ఒకటిగా భావించేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ తేడాను గట్టిగా చెబుతున్నాను. ఎదురెదురు గోడలకు బిగించి, ఒకదాన్ని తిరగేస్తే రెండూ దక్కుతాయి. నేను ఎంచుకున్నది అదే.

రెండు వూఫర్లను ఒకదాని వెనుక ఒకటి బిగించే ఐసోబారిక్ పద్ధతిని వద్దనుకున్నాను. అందులో రెండు కోన్‌లు ఒకదానితో ఒకటి జతగా కదిలినా గదిలోకి ధ్వనినిచ్చేది ఒక్క కోనే కాబట్టి పెట్టె సగానికి తగ్గుతుంది గానీ కదలిక తగ్గదు.

పెట్టెకు 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ వాడాను, ఎందుకంటే ఇక్కడి ఉక్కకు ఎండీఎఫ్ (నొక్కిన చెక్కపీచు పలక) అంచులు ఉబ్బుతాయి. వూఫర్లను ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో ఒకే రకానివి చూసి తీసుకుని, బిగించే ముందు రెంటి రెజొనెన్స్‌నూ (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీని) కొలిచాను, అవి దగ్గరగా లేకపోతే రద్దు సరిగా జరగదు. మా వడ్రంగిది నెల్లూరు వైపు. "సార్, మ్యాగ్నెట్టు బయటికి పెడితే చూసినోళ్లు తిరగేసి బిగించినామనుకుంటారు" అని బెంగపడ్డాడు. జాలీ తొడిగించాక సమాధానపడ్డాడు. తీగలు సరిగా కలిపామా లేదా అన్నది 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీతో తేలిపోతుంది: పెట్టె టెర్మినళ్లకు ఒక్క క్షణం తాకిస్తే రెండు కోన్‌లూ పెట్టె నుంచి బయటివైపుకే జరగాలి. ఒకటి లోపలికి పోతే బేస్ దాదాపు మాయమవుతుంది.

తిరగేసిన వూఫర్ వెనుక రంధ్రం నుంచి గాలి చప్పుడు నేరుగా గదిలోకి వస్తుంది కాబట్టి ఆ రంధ్రం పెద్దదిగా, అంచులు నున్నగా ఉన్న వూఫర్‌నే ఎంచుకోవాలి. క్రాసోవర్‌ను (సబ్‌వూఫర్ ఆగి మిగతా స్పీకర్లు అందుకునే హద్దును) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచాను. అక్కడ తరంగం పొడవు 4 మీటర్లకు పైనే కాబట్టి, గోడల మధ్య ఉన్న కొద్ది దూరం రద్దుకు అడ్డు రాదు. కొలిచేటప్పుడు మైకును ఒక కోన్‌కు ఆనించి పెడితే ఆ ఒక్క వూఫర్ డిస్టార్షనే కనిపిస్తుంది. రెంటికీ సమాన దూరంలో, పెట్టె ముందు గోడ మధ్యకు ఎదురుగా పెట్టినప్పుడే రెండో హార్మోనిక్ గీత కిందికి దిగడం తెరమీద కనిపిస్తుంది.