సత్యవ్రతుని దోసిలి, మన పెరటి తొట్టి

చైత్ర శుద్ధ తదియ, అంటే ఉగాది మొదలు మూడో తిథి, మత్స్య జయంతి. శ్రీరామనవమి పందిళ్ల సన్నాహంలో పడి చాలా ఇళ్లలో ఆ రోజును ఎవరూ తలచుకోరు. తిరుపతి జిల్లా నాగలాపురంలో మత్స్యరూపుడైన వేదనారాయణస్వామి కొలువై ఉన్నాడు. ఏటా మార్చి నెలలో మూడు రోజులపాటు సూర్యకిరణాలు గర్భాలయంలోకి ప్రసరించి మూలమూర్తిని తాకే వేళ అక్కడ ఉత్సవం జరుగుతుంది. అంత దూరం వెళ్లలేనివారికి, పెరట్లో నాలుగు పాదులూ, చేపలు తిరిగే ఒక నీటి తొట్టీ ఉంటే, ఈ పండుగకు అదే క్షేత్రమని నా నమ్మకం.

భాగవతం అష్టమ స్కంధంలోని కథ అందరూ ఎరిగినదే. ద్రవిడాధీశుడైన సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం చేస్తుండగా, దోసిటి నీళ్లలోకి ఒక చేపపిల్ల వచ్చింది. ఆయన దానిని నీటితో సహా నదిలో విడిచిపెట్టగా, అది దీనంగా ఇలా మొరపెట్టుకున్నది:

యాదోభ్యో జ్ఞాతిఘాతిభ్యో దీనాం మాం దీనవత్సల
కథం విసృజసే రాజన్ భీతామస్మిన్ సరిజ్జలే

సొంత జాతినే చంపుకొని తినే జలచరాల నడుమ, భయంతో వణుకుతున్న నన్ను ఈ నదిలో ఎలా వదిలేస్తావు రాజా, అని ఆ మొర. ఇది అక్షరాలా నిజమని గప్పీ చేపలను పెంచినవారికి తెలుసు. వసంతంలో నీరు వెచ్చబడగానే తల్లిచేప పిల్లలను పెడుతుంది, ఆ వెంటనే వాటిని తినబోతుంది. కనురెప్ప వెంట్రుకంత పిల్లలు నాచు పోగులలోకి దూరి, కదలకుండా, రెండు నల్లని కంటిచుక్కలుగా మాత్రమే కనిపిస్తాయి. తొట్టిలో గుప్పెడు నాచు ఉంచడమే వాటికి మనం ఇచ్చే అభయం.

సత్యవ్రతుడు చేపపిల్లను కలశంలో ఉంచాడు. ఒక్క రాత్రిలో అది కలశమంతా నిండి, ఇక్కడ నాకు చోటు చాలదు, విశాలమైన తావు చూపించమన్నది. పెద్ద నీటి తొట్టిలోకి మారిస్తే ముహూర్తకాలంలో మూడు మూరలు పెరిగింది. ఆపై సరస్సు, చివరికి సముద్రం. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నా మనసు ఒక్క చోటే నిలిచిపోతుంది: ఆ చేప ఒక్కసారి కూడా ఆహారం అడగలేదు, చోటు అడిగింది. రాజు సైతం ఒకసారి ఇచ్చాను కదా అనలేదు.

చైత్రం ఎండలు ముదిరేకొద్దీ తొట్టిలోని నీరు వేడెక్కి, అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది; రాలిన వేపపూత, కానుగాకు అడుగున కుళ్లుతూ ఉన్న కాస్తనూ హరిస్తాయి. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆకలి అనుకొని ప్రేమకొద్దీ గుప్పెడు మరమరాలు చల్లుతాము, అవి నాని కుళ్లి నీటిని మరింత పాడుచేస్తాయి. ఆ వేళ వాటికి కావలసింది మేత కాదు. తొట్టి మీద కాస్త నీడ, అడుగు చెత్త తీయడం, ఒక రోజు నిలవ ఉంచిన కుళాయి నీరు కొంత కొంతగా పోయడం. శరణన్నవానికి మనకు తోచినది ఇవ్వడం సులభం, వాని అవసరం కనుక్కొని ఇవ్వడం కష్టం. సత్యవ్రతుని దయలోని గొప్పతనం ఈ రెండవదే.

అంతటి దయ చూపినవానికి భగవంతుడు చెప్పిన పని ఏమిటి? ఏడవ నాటికి ప్రళయజలం ముంచెత్తుతుంది, నావ వస్తుంది, సమస్త ఓషధులనూ, పలు విధాల విత్తనాలనూ తీసుకొని సప్తర్షులతో కూడి దానిని ఎక్కమన్నాడు. వాసుకిని తాడుగా చేసి ఆ నావను చేప కొమ్ముకు కట్టారు. చేపను కాపాడినవాని చేతికే మొక్కల వంశాన్ని అప్పగించాడు స్వామి. చెరువూ తోటా ఒకే చేతి పని అని నాకు తోచింది ఇక్కడే.

అందుకే మా ఇంట్లో తదియనాడు నైవేద్యానికి ముందు తొట్టిలోని నీరు కొంత తీసి బీరపాదుకు పోస్తాము. చేపల నీరు పాదుకు మంచి ఎరువు. పాదు మీదే ఎండనిచ్చిన చిక్కుడు, సొర కాయల గింజలను బూడిదలో కలిపి, తులసిదళంతో స్వామి ముందు ఉంచుతాము. పూజ అయ్యాక సగం ఇరుగుపొరుగుకు పంచి, మిగతా సగం తొలకరికి దాచుకుంటాము.