తలుపు పక్క కుర్చీ

నిన్నటికి మందు మానేసి 11 నెలలు. తాగుడు మానాలనుకునేవాళ్ళ మా మీటింగ్‌కి కొత్తగా ఒకాయన వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. వణుకుతున్న చేతులు కనపడకుండా తొడల కింద పెట్టుకున్నాడు. మొదటిరోజు నేనూ అచ్చం అలాగే, అదే కుర్చీలో.

సలహాలివ్వడంలో నేను ముందుంటాను గానీ, నిన్న నోరు కట్టేసుకుని నా కథే చెప్పాను. పాప పుట్టినరోజున ఎక్కడ పడిపోయి ఉన్నానో కూడా. అప్పుడు తలెత్తి చూశాడు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్, డాక్టర్ బాబ్‌ల మధ్య జరిగింది కూడా ఇదే కదా: ఒక తాగుబోతు ఇంకో తాగుబోతుతో మనసు విప్పి మాట్లాడటం. మా ఈ సంఘం, ఆల్కహాలిక్స్ అనానిమస్, అలాగే పుట్టింది.

తాగుడు నుంచి బయటపడటానికి మా సంఘం చెప్పే 12 మెట్లలో దేవుడి మాట వస్తే నాకు చిరాకుగా ఉండేది. "ప్రస్తుతానికి ఈ గదిని నమ్ము, చాలు" అన్నాడు మా స్పాన్సర్, అంటే నాకు దారి చూపే పాత సభ్యుడు. ఇప్పటికీ పెద్ద భక్తుణ్ణేం కాదు. కానీ పొద్దున లేవగానే "ఈ ఒక్కరోజు" అని రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటున్నా. మనం బాధపెట్టినవాళ్ళ దగ్గర తప్పు సరిదిద్దుకోవాల్సిన తొమ్మిదో మెట్టు దగ్గర మాత్రం ఆగిపోయాను. అన్నయ్య నంబర్ తీయడం, మళ్ళీ ఫోన్ పక్కన పెట్టేయడం.

రాత్రి పదకొండింటికి ఆ కొత్తాయన ఫోన్ చేశాడు. గంటసేపు మాట్లాడుకున్నాం. ఇద్దరం తాగకుండానే పడుకున్నాం.