52 మార్కులు, హాల్టింగ్ చార్జీలు, హల్

ఇంగ్లండ్‌లోని హల్‌లో దిగిన మొదటి వారంలోనే నాకు ఇంగ్లీషు రాదని తెలిసిపోయింది. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో ఏడు తెచ్చుకున్నవాణ్ణి. బస్సు డ్రైవరు ఏదో అడిగాడు, మూడుసార్లు సారీ అన్నాను, వెనక నిలబడ్డ పెద్దావిడ జాలిపడి అదే మాట మళ్ళీ నిదానంగా చెప్పింది, అదీ బుర్రకెక్కలేదు. ఇక్కడివాళ్ళు ఫోన్‌ని ‘ఫెర్న్’ అంటారు, నో అనడానికి ‘నెర్’ అంటారు. టీవీలో వినే ఇంగ్లీషుకీ ఈ ఊరి ఇంగ్లీషుకీ ఉన్న తేడా మన దగ్గర న్యూస్ చదివే తెలుగుకీ మా తాతయ్య తెలుగుకీ ఉన్నంత.

కన్సల్టెన్సీలో హల్ పేరు చెప్పగానే నేను అడిగింది ఒక్కటే, లండన్‌కి ఎంత దూరం అని. ‘దగ్గరే’ అన్నారు. ట్రైన్‌లో రెండున్నర గంటల పైనే. అయినా ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ దూరమే నయమైంది. లండన్‌లో మా ఫ్రెండ్ ఒక గదికి కట్టే అద్దె వింటే నాకు ఇక్కడ ఇంట్లో సగం వాటా వస్తుంది. హంబర్ నది ఒడ్డున రేవు పట్నం, చేత్తో తుడిచినట్టు చదునైన ఊరు, సైకిల్ ఉంటే చాలు. ఇంగ్లండ్ అంతా ఎర్ర ఫోన్ బాక్సులైతే ఇక్కడివి మీగడ రంగు, ఎందుకంటే టెలిఫోన్లు చాలా కాలం మునిసిపాలిటీవే. ఫిష్ అండ్ చిప్స్ షాపులో ‘ప్యాటీ’ అని ఒకటి అమ్ముతారు, ఉడికించిన ఆలుగడ్డలో ఏదో ఆకు కలిపి పిండిలో ముంచి వేయిస్తారు, మన ఆలూ బోండాకి దూరపు చుట్టం. దాని మీద చిప్ స్పైస్ చల్లుతారు. ఉప్పూ కారం అనుకుని ఎగబడ్డాం, కారం మాత్రం ఉండదు. మా రూమ్‌లో నల్గొండ వాడు ఒకడు దాన్ని ఉప్మా మీద కూడా చల్లుకుంటాడు, వాడి ఖర్మ.

సరే, అసలు విషయం చదువు.

నాది ఎమ్మెస్సీ లాజిస్టిక్స్, అంటే సరుకుల రవాణా, నిల్వల చదువు. యూనివర్సిటీ 1927లో చిన్న కాలేజీగా మొదలై 1954లో యూనివర్సిటీ అయింది, రేవు ఉన్న ఊరు కాబట్టి ఈ సబ్జెక్టుకి ఇక్కడ గట్టి పేరే ఉంది. మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి పది గంటల పని అని లెక్క. అంటే 20 క్రెడిట్ల మాడ్యూల్‌కి, మన లెక్కలో ఒక సబ్జెక్టుకి, 200 గంటలు. టైమ్‌టేబుల్ చూస్తే క్లాసులు అందులో ముప్ఫై గంటలు కూడా లేవు. నేనూ మా గుంటూరు వాడూ ఆ కాగితం చూసి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ‘మామా, వారానికి మూడు రోజులే కాలేజీ, మిగతా అంతా మనదే’ అన్నాడు వాడు. వాడన్నది అక్షరాలా నిజమే, మిగతా 170 గంటలు మనవే, కూర్చుని చదవాల్సింది కూడా మనమే. ఆ ముక్క ఎవరూ నిలబెట్టి చెప్పరు. మాడ్యూల్ హ్యాండ్‌బుక్ పదకొండో పేజీలో ఉంటుంది, హ్యాండ్‌బుక్ ఎవడు చదువుతాడు.

మేం ఆ ఖాళీని షిఫ్టులతో నింపాం. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు పని చేయొచ్చు, ఒక వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు దొరికింది. శుక్రవారం రాత్రి పోతే శనివారం పొద్దున ఆరుకి వచ్చి పడుకుంటే లేచేసరికి మధ్యాహ్నం రెండు, డిసెంబర్లో ఇక్కడ 3:40కి సూర్యుడు వెళ్ళిపోతాడు. రోజుకి గంటన్నర వెలుతురు చూసి మళ్ళీ చీకటి. ఆ నెలలోనే మొదటి అసైన్‌మెంటు.

టాపిక్ ‘జస్ట్ ఇన్ టైమ్’. సరుకు ముందే తెచ్చి గోడౌన్‌లో పేర్చుకోకుండా, ఫ్యాక్టరీ లైన్ మీద ఏ గంటకి కావాలో ఆ గంటకి తెప్పించుకోవడం, టయోటా వాళ్ళ పద్ధతి. నాకు చాలా సులువనిపించింది. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు ఇదే పని కదా: నిర్వచనం, చరిత్ర, బొమ్మ, లాభాలు ఎనిమిది, నష్టాలు ఆరు, ముగింపు. పదహారు మార్కుల ప్రశ్నకి జవాబు ఎలా రాయాలో నాకు మా సార్లు అంత బాగా నేర్పారు. రెండు రాత్రుల్లో రాసేశాను, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో పెడితే పోలిక శాతం కొంచెం ఎక్కువ వచ్చింది, నిర్వచనాల్ని అటూ ఇటూ తిప్పాను, అయిపోయింది.

52 వచ్చింది.

ఇక్కడ 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. 80 దాటినవాడి గురించి కథలుగా చెప్పుకుంటారు. ఇది నాకు తెలుసు గానీ మా ఇంట్లో తెలియదు. అమ్మకి ఫోన్‌లో 52 అని చెప్పాను, అవతల నిశ్శబ్దం, తర్వాత ‘ఆరోగ్యం బాగానే ఉందా నాన్నా’ అంది. ఇంజనీరింగ్‌లో 78 శాతం కొడుకు విమానమెక్కి లక్షలు పోసి 52 తెచ్చుకున్నాడు మరి. చుట్టాలకి మాత్రం మా అమ్మ ఇప్పటికీ అక్కడ మార్కులు ఇవ్వరట, గ్రేడ్లేనట అని చెబుతోంది.

ఫీడ్‌బ్యాక్‌లో నాలుగు లైన్లు, అందులో నన్ను పట్టుకున్న మాట ‘డిస్క్రిప్టివ్’. వర్ణించావు, క్రిటికల్‌గా విశ్లేషించలేదు అని. నాకు నిజంగా కోపం వచ్చింది. చెప్పమన్నది చెప్పాను కదా! ట్యూటర్ ఆఫీస్ అవర్‌కి వెళ్ళాను. ఆయన్ని పేరు పెట్టి పిలవమంటారు, నాకు నోరు రాదు, సార్ అంటే ఆయన ఇబ్బందిగా నవ్వుతాడు, అందుకని ఏమీ పిలవకుండా ‘ఎక్స్‌క్యూజ్ మీ’తో బండి లాగించేవాణ్ణి. ఆయన నా పేపర్లో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. ‘జస్ట్ ఇన్ టైమ్ వల్ల నిల్వ ఖర్చు తగ్గుతుంది’ అని నేను రాసింది. ఎవరికి తగ్గుతుంది అని అడిగాడు. కంపెనీకి అన్నాను. ఏ కంపెనీకి అన్నాడు. ఇక నా దగ్గర జవాబు లేదు.

ఆ వారం నాన్నతో మాట్లాడుతూ మాటల్లో ఇదంతా చెప్పాను. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా బుకింగ్ చూస్తాడు. టయోటా పద్ధతి అంతా విని ‘బానే ఉంది గానీరా, గోడౌన్ లేదంటే లారీయే గోడౌను. గేటు బయట లారీ రెండు రోజులు ఆగితే హాల్టింగ్ ఎవడిస్తాడు?’ అన్నాడు. లోడు దించకుండా బండిని నిలబెడితే రోజుకింత అని పార్టీ, అంటే సరుకుగలవాడు, కట్టాల్సిన డబ్బుని హాల్టింగ్ అంటారు, దాని కోసం నాన్న ఫోన్‌లో అరవడం వింటూ పెరిగాను నేను. పార్టీలు సాధారణంగా ఎగ్గొడతాయి. లారీ ఓనరు నెత్తిన పడుతుంది.

ట్యూటర్ అడిగింది కూడా అక్షరాలా ఇదే కదా అనిపించి ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. క్రిటికల్ అంటే తప్పులు పట్టడం అనుకున్నాను, విమర్శ అంటే మనకి తిట్టడమేగా. ఇక్కడ దాని అర్థం అంతకంటే చిన్నది. ఈ మాట ఎవరికి నిజం, ఎప్పుడు నిజం కాదు, బిల్లు ఎవరు కడుతున్నారు, అంతే.

అప్పట్నించీ లైబ్రరీ. యూనివర్సిటీ బ్రిన్‌మోర్ జోన్స్ లైబ్రరీ చాలా అంతస్తులు, ఫిలిప్ లార్కిన్ అనే కవి 1955 నుంచి చనిపోయేదాకా, అంటే 1985 దాకా ముప్ఫై ఏళ్ళు ఇక్కడే లైబ్రేరియన్. ఊళ్ళో రైల్వే స్టేషన్లో ఆయన విగ్రహం ట్రైన్ మిస్సవుతున్నవాడిలా పరిగెడుతూ ఉంటుంది, నాకు డెడ్‌లైన్ రోజుల్లో అది చూస్తే నన్ను చూసినట్టే ఉంటుంది. పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని చదివితే కొత్తగా కనబడిన సంగతి ఒకటి చెప్పాలి. 2011 జపాన్ భూకంపం తర్వాత టయోటా తన సప్లయర్లని నెలల తరబడి సరిపడే ఎలక్ట్రానిక్ చిప్‌లు నిల్వ పెట్టమంది! జస్ట్ ఇన్ టైమ్‌కి కన్నతల్లి లాంటి కంపెనీ. ప్రపంచమంతా చిప్‌లు దొరక్క అల్లాడినప్పుడు మొదట్లో వాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువ రోజులు తట్టుకున్నారు, 2021 సెప్టెంబర్లో వాళ్ళూ ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. మరి ఆ పద్ధతి ఓడిపోయినట్టా, మారినట్టా? ఆ నిల్వ సప్లయర్ గోడౌన్‌లో కూర్చుంటే హాల్టింగ్ ఎవడిస్తున్నట్టు? నా మొదటి పేపర్లో ఈ సంగతి ఒక్క ముక్క లేదు, ఎనిమిది లాభాలు మాత్రం వరసగా ఉన్నాయి.

రెండో అసైన్‌మెంటుకి సూయెజ్ కాలవ తీసుకున్నాను. 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ ఆరు రోజులు కాలవకి అడ్డం పడింది కదా, ఆ ఆరు రోజుల ఖర్చు చివరికి ఎవరి మీద పడిందని. షిఫ్టు ఒకటి వదులుకున్నాను, ఆ నెల పప్పూ అన్నం. లోపల ఒక చోట నాన్న మాట వాడాలనిపించింది, ఏ మాట ఎక్కణ్ణించి తెచ్చామో చూపే హార్వర్డ్ పద్ధతిలో నాన్నని ఎలా సైట్ చేయాలో వెతికాను, ‘పర్సనల్ కమ్యూనికేషన్’ అని పెట్టొచ్చట. పెట్టలేదు, సిగ్గేసింది. అదే మాటని గ్రాఫులేసి చెప్పిన పేపర్ ఒకటి దొరికితే దాన్ని పెట్టాను.

64 వచ్చింది. నాన్నకి చెబితే మిగతా 36 ఏమయ్యాయి అన్నాడు.

మా గుంటూరు వాడు ఇంకా ఎనిమిది లాభాల దగ్గరే ఉన్నాడు, చెబితే వినడు. ‘పాసైతే చాలు బావా, ఉద్యోగానికి మార్కులు ఎవడడుగుతాడు’ అంటాడు. వాడు పూర్తిగా తప్పు అని కూడా నేననను, వాడి లోన్ వడ్డీ నాకు తెలుసు.

మొన్న ఆదివారం సైకిల్ మీద కింగ్ జార్జ్ డాక్ వైపు వెళ్ళాను. రాటర్‌డామ్ ఫెర్రీ కోసం లారీలు వరసగా ఆగి ఉన్నాయి, ఫోటో తీసి నాన్నకి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. ఎంత శుభ్రంగా ఉన్నాయిరా బండ్లు అంటాడేమో అనుకున్నాను.

‘రిటర్న్ లోడు ఉందా వీళ్ళకి, ఖాళీగా పోతున్నారా?’

తెలియదు నాన్నా అన్నాను. అడుగు మరి అన్నాడు. సైకిల్ స్టాండ్ వేసి మొదటి లారీ దగ్గరికి వెళ్ళాను, డ్రైవరు అద్దం దించి ఏదో అన్నాడు, మూడుసార్లు సారీ అన్నాను.